స్వీడన్ ప్రభుత్వం ఇంటికి పంపిన 32 పేజీల పుస్తకం: రెండ్రోజులు కరెంటు లేకుండా ఉండి చూశాక నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్క స్టార్ ఎందుకు తీశానో కింద రాస్తా, నాకైతే అది చిన్న విషయం కాదు.

మేం స్టాక్‌హోం పక్కన సోల్నాలో ఉంటాం, వచ్చి ఎనిమిదేళ్లయింది, నేను, మా ఆయన, ఏడేళ్ల పాప, మొన్న శీతాకాలం అమ్మ కూడా వైజాగ్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. 2024 నవంబర్‌లో ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు సందులోంచి పడిన కాగితాల్లో ఈ పుస్తకం ఉంది. పేరు 'ఓమ్ క్రీసెన్ ఎల్లెర్ క్రిగెట్ కొమ్మెర్', అంటే ఆపద వస్తేనో యుద్ధం వస్తేనో అని. ఇక్కడి పౌర రక్షణ సంస్థ (అప్పటి పేరు ఎమ్మెస్‌బీ) వేసి దేశంలో 50 లక్షల పైచిలుకు ఇళ్లకి పంపింది, పంచడం మొదలుపెట్టింది నవంబర్ 18న. డబ్బులేం కట్టక్కర్లేదు. నేను అప్పుడు పైపైన తిరగేసి, ఇది స్వీడిష్ వాళ్ల కోసంలే అనుకుని డ్రాయర్లో పడేశా. నిజానికి ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ "వాళ్ల కోసంలే" అన్న మాటే.

ఈ పుస్తకం వెనక కథ తెలియకపోతే దీని విలువ తెలియదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్తా. ఇక్కడ ప్రతి జనవరిలో సేలెన్ అనే మంచు కొండల ఊళ్లో రక్షణ సదస్సు జరుగుతుంది, మంత్రులు, సైన్యాధికారులు, పార్టీల నాయకులు అందరూ వచ్చి దేశం ఎంత సిద్ధంగా ఉందో వాదించుకుంటారు. 2024 జనవరి సదస్సులో పౌర రక్షణ మంత్రి కార్ల్-ఓస్కర్ బోలిన్ స్టేజీ ఎక్కి, స్వీడన్‌లో యుద్ధం రావచ్చు అని చెప్పేశాడు. సైన్యాధిపతి మికాయెల్ బీదేన్ కూడా జనం మానసికంగా సిద్ధపడాలన్నాడు. రెండొందల ఏళ్లుగా యుద్ధం చూడని దేశం అండి ఇది, అలాంటి చోట ఆ మాట వింటే ఎలా ఉంటుంది. పిల్లల హెల్ప్‌లైన్ బ్రిస్‌కి ఫోన్లు పెరిగిపోయాయి, షాపుల్లో నీళ్ల క్యాన్లు, చేత్తో తిప్పితే ఆడే రేడియోలు ఎగబడి కొన్నారు. మాజీ ప్రధాని మగ్దలేనా ఆండెర్‌షోన్ అయితే, పరిస్థితి సీరియసే గానీ యుద్ధం గుమ్మం ముందుకేం రాలేదు, ఇలా మాట్లాడితే పిల్లలు భయపడతారు అని గట్టిగానే అంది. మంత్రిగారి వాదన ఏంటంటే భయపెట్టడానికి కాదు, ఎవరి స్థాయిలో వాళ్లు ఏం చెయ్యాలో ఆలోచించాలని.

ఆ వారం మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు నాకింకా గుర్తుంది. ఇండియా టికెట్ల రేట్లు ఎంతున్నాయి, ఇల్లు కొందామనుకున్నాం ఆపేద్దామా, పిల్లల స్కూల్లో ఏమన్నారు, ఇవే మెసేజ్‌లు రాత్రంతా. నీళ్లు ఎన్ని పెట్టుకోవాలి అని ఒక్కళ్లు కూడా అడగలేదు, నేనూ అడగలేదు.

నా మటుకు నాకు ఆ మంత్రి, మాజీ ప్రధాని ఇద్దరూ సగం సగం కరెక్టే అనిపించింది. ప్రమాదం ఉంటే చెప్పాల్సిందే, దాచిపెట్టి ఏం లాభం. కానీ రావచ్చు అని చెప్పి ఊరుకుంటే, ఏం చెయ్యాలో తెలియనివాడు భయపడక ఏం చేస్తాడు. సేలెన్‌లో మిగిలిపోయిన ఆ రెండో సగమే ఈ పుస్తకం, పది నెలలు ఆలస్యంగా ఇంటికి వచ్చింది. తమాషాకి చెప్పట్లేదు గానీ సరిగ్గా అది పోస్టులో బయల్దేరిన రోజుల్లోనే, నవంబర్ 17, 18 తేదీల్లో బాల్టిక్ సముద్రం కింద రెండు కేబుళ్లు తెగాయి, ఒకటి లిథువేనియా నుంచి స్వీడన్‌కి వచ్చేది, ఇంకోటి ఫిన్లండ్ నుంచి జర్మనీకి వెళ్లేది.

ఇది కొత్త ఐడియా కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడే, 1943లో మొదటిసారి ఇలాంటిది ఇంటింటికీ పంచారు, కోల్డ్ వార్ కాలంలోనూ పంచారు, ఆ తర్వాత ఇంక యుద్ధాలేంటి అనుకుని మానేశారు. గోదాముల్లో నిల్వలు తీసేశారు, 2010లో తప్పనిసరి సైనిక శిక్షణ కూడా ఆపేశారు. 2014లో రష్యా క్రిమియాని కలిపేసుకున్నాక మళ్లీ కళ్లు తెరిచి 2017లో ఆ శిక్షణ తిరిగి పెట్టారు, 2018లో ఈ పుస్తకం కొత్తగా వేసి పంపారు, 2024 మార్చి 7న నాటో సైనిక కూటమిలో చేరారు, అదే ఏడాది చివర్లో ఇప్పుడు నేను చెప్తున్న ఎడిషన్. 2018 దాంతో పోలిస్తే సైజు బాగా పెరిగింది, యుద్ధం గురించిన భాగం బాగా పెంచారు.

సరే నేను డ్రాయర్లోంచి ఎప్పుడు తీశానంటే, 2025 ఏప్రిల్ 28న. ఆ రోజు మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ మొత్తం కరెంటు పోయింది కదా. మా టీమ్‌లో ఒకతను బార్సిలోనా నుంచి పనిచేస్తాడు, మీటింగ్ మధ్యలో మాయమైపోయాడు, మర్నాడు వచ్చి చెప్పాడు, కార్డులు పనిచెయ్యలేదు, జేబులో క్యాష్ లేదు, కింద షాపు ముసలాయన రేడియో బయట పెడితే వీధి వీధంతా ఆ చుట్టూ నిలబడి విన్నారట. అది వింటుంటే నాకు 2014 అక్టోబర్ గుర్తొచ్చింది.

హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను వైజాగ్‌లోనే ఉన్నా. అక్టోబర్ 12, ఆదివారం. గాలి వెలిశాక బయటకొస్తే మా వీధి గుర్తుపట్టలేకపోయా, చెట్టన్నది నిలబడి లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచెయ్యవు, బ్యాంకులో డబ్బులున్నా చేతిలో ఉన్నది మూడొందల చిల్లర. పాల ప్యాకెట్టు రేటు డబుల్ దాటిపోయింది. మోటారు ఆడదు కాబట్టి ట్యాంకులోకి నీళ్లెక్కవు, ఐదో అంతస్తుకి బకెట్లతో మోశాం. ఆ వారం మమ్మల్ని కాపాడింది అమ్మ అలవాట్లు: డబ్బాల నిండా అటుకులు, ఊరగాయ, బిందెల్లో ముందురోజే పట్టిపెట్టిన నీళ్లు, పోపుల పెట్టెలో దాచిన నోట్లు. ఈ స్వీడిష్ పుస్తకంలో ఇంటి సన్నద్ధత పేజీ చదువుతుంటే అమ్మ వంటగదే కనిపించింది నాకు.

ఇంక పుస్తకం లోపలికి వస్తా. ముఖ్యమైన సూత్రం ఒక్కటే, ప్రతి ఇల్లూ ఎవరి సాయం లేకుండా కనీసం ఒక వారం గడపగలగాలి. నీళ్లు పెద్దవాళ్లకి రోజుకి మూడు లీటర్లు, వండకుండా లేదా తక్కువ వేడితో తినగలిగే తిండి, వెచ్చగా ఉండే దారి, బ్యాటరీతోనో చేత్తో తిప్పితేనో ఆడే రేడియో, వారానికి సరిపడా క్యాష్ అది కూడా చిన్న పెద్ద నోట్లు కలిపి. ఎందుకు వారం అన్నదానికి వాళ్లు చెప్పే కారణం నాకు చాలా నచ్చింది, ఓపిక ఉన్నవాళ్లు తమ సంగతి తాము చూసుకుంటే, ఉన్న కాస్త సాయం ముందు చేతకానివాళ్లకి అందుతుంది అని. మన దగ్గర వరదలప్పుడు బోటు వస్తే మొదట ఎవరు ఎక్కాలి అనే ప్రశ్నే కదా ఇది.

అదే పక్క దేశాల్లో చూస్తే డెన్మార్క్ మూడు రోజులు చాలంది, యూరోపియన్ యూనియన్ 2025 మార్చిలో సన్నద్ధత ప్లాన్ ప్రకటించి 72 గంటలంది. పైస్థాయిలో వాదనంతా రక్షణకి ఎంత శాతం ఖర్చుపెట్టాలన్న దాని మీద నడుస్తోంది, నాటో సెక్రటరీ జనరల్ మార్క్ రుట్టె 2024 డిసెంబర్‌లో బ్రసెల్స్‌లో, నాలుగైదేళ్లలో రాబోయే ముప్పుకి మనం సిద్ధంగా లేం అని తెగేసి చెప్పాడు, ఆ తర్వాత 2025 జూన్‌లో నాటో దేశాలు హేగ్‌లో కూర్చుని 2035కల్లా జీడీపీలో 5 శాతం అని ఒప్పుకున్నారు, అందులో మూడున్నర అసలు సైన్యానికి, ఒకటిన్నర రోడ్లు, నెట్‌వర్కులు, ఇలా దానికి ఆసరాగా ఉండేవాటికి. డబ్బు కావాల్సిందే, నేను కాదనను. కానీ ఆ డబ్బుతో కొన్న విమానం మా మెట్ల దారిలో ఉన్న ఎనభై ఏళ్లావిడకి నీళ్లు మోసి పెట్టదు. ఆ పని గురించి మాట్లాడిన కాగితం నాకు ఇంతవరకూ ఇదొక్కటే దొరికింది.

షెల్టర్ల పేజీ అందరూ చదవాలి. స్వీడన్‌లో 64 వేల దాకా షెల్టర్లున్నాయి, 70 లక్షల మందికి చోటు. జనాభా కోటి దాటింది కాబట్టి అందరికీ సరిపోవు, కానీ జర్మనీలో పబ్లిక్ షెల్టర్లు 580 దాకానే మిగిలాయి, ఎనిమిది కోట్ల పైన జనానికి చోటు అయిదు లక్షల లోపే అని తెలిశాక ఇక్కడి పరిస్థితి చాలా నయమనిపించింది. ఫిన్లండ్ అయితే ఇక్కడికంటే ముందుంది, 56 లక్షల జనానికి 48 లక్షల చోట్లు. ఇక్కడ షెల్టర్‌కి గుర్తు ఆరెంజ్ చదరంలో నీలం త్రికోణం, ఎనిమిదేళ్లుగా రోజూ దాని పక్క నుంచే నడుస్తున్నా అది మా బిల్డింగు గోడ మీదే ఉందని పుస్తకం చూశాకే తెలిసింది. మామూలు రోజుల్లో వాటిని సైకిళ్లు, పాత సామాన్లు పెట్టుకోడానికి వాడతారు, ప్రభుత్వం చెప్తే 48 గంటల్లో ఖాళీ చేసి సిద్ధం చెయ్యాలి. ఇది నీది ఇది నాది అని ఉండదు, ఏది దగ్గరైతే అందులోకి వెళ్లడమే. స్టాక్‌హోం సోదెర్మాల్మ్‌లో కతరీనా కొండ కింద 20 వేల మంది పట్టేది ఒకటుంది, ఇప్పుడు కార్ పార్కింగ్. పాపని ఒక ఆదివారం తీసుకెళ్లి చూపించా, మందపాటి ఆ తలుపులు చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అమ్మమ్మ కూడా ఇందులోకి రావచ్చా అని అడిగింది.

సైరన్ల పేజీ కూడా బాగుంది, పాపకి అది కంఠతా వచ్చేసింది. ఏడు సెకన్లు మోగి పద్నాలుగు సెకన్లు ఆగుతూ వస్తే ఏదో ప్రమాదం, లోపలికెళ్లి కిటికీలు మూసుకుని రేడియో పెట్టుకోవాలి. రెండు సెకన్లు మోగి రెండు సెకన్లు ఆగుతూ చకచకా వస్తే విమాన దాడి, వెంటనే షెల్టర్‌కి. ముప్పై సెకన్లు మోగి పదిహేను ఆగుతూ ఐదు నిమిషాలు వస్తే యుద్ధ ప్రమాదం, దేశం మొత్తం అప్రమత్తం అని. ఒకే పొడుగు కూత ముప్పై సెకన్లయితే గండం గడిచింది. మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో మొదటి సోమవారం మధ్యాహ్నం మూడింటికి దీన్ని టెస్ట్ చేస్తారు, ఇక్కడివాళ్లు ముద్దుగా హేసా ఫ్రేద్రిక్ అంటారు, అంటే గొంతు బొంగురుపోయిన ఫ్రేద్రిక్. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ఉంటే ఆ సోమవారం భయపడకండి.

అమ్మకి ఆ సైరన్ వినిపించినప్పుడు 1971 గుర్తొచ్చింది. అప్పుడు తనకి పన్నెండేళ్లు, తాతయ్య పోర్టులో పనిచేసేవారు, కిటికీలకి నల్ల కాగితాలు అంటించి దీపం కూడా కనపడకుండా పడుకునేవాళ్లట. డిసెంబర్ మొదటివారంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ హార్బర్ దగ్గర పేలి మునిగిన రాత్రి కిటికీ తలుపులు దడదడా కొట్టుకున్నాయని ఇప్పటికీ చెప్తుంది. మొన్న 2025 మేలో మన దేశంలో మాక్ డ్రిల్ పెట్టినప్పుడు వైజాగ్, హైదరాబాద్ కూడా అందులో ఉన్నాయి, కాబట్టి అమ్మకి ఇది ఎక్కడో యూరప్ వాళ్ల గొడవ అనిపించలేదు, నాకంటే త్వరగా సీరియస్‌గా తీసుకుంది.

ఇంక మేం చేసిన టెస్ట్ సంగతి. పుస్తకం చదివి తలూపితే సరిపోదని 2025 నవంబర్‌లో ఒక శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఫ్రిజ్ ఒక్కటి వదిలేసి ఇంట్లో కరెంటు మొత్తం ఆపేశాం, కుళాయి తిప్పలేదు, రేడియేటర్లు కట్టేశాం, వైఫై లేదు, కార్డు వాడలేదు. బయట చలి, మూడున్నరకే చీకటి. కొన్నవి ఇవి: పది లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు, చేత్తో తిప్పే రేడియో, స్పిరిట్‌తో మండే చిన్న క్యాంపింగ్ పొయ్యి, తలకి పెట్టుకునే టార్చీలు, అన్నీ కలిపి పన్నెండు వందల స్వీడిష్ క్రోనార్ల లోపే అయింది.

నీళ్ల దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. నలుగురికి వారానికి లెక్క వేస్తే 84 లీటర్లు, అది తాగడానికీ వండుకోడానికీ. రెండ్రోజుల్లో మేం వాడింది 31 లీటర్లు, అంటే వాళ్లు చెప్పినదానికంటే ఎక్కువే, ఎందుకంటే మనం బియ్యం కడుగుతాం, కంచాలు కడుగుతాం, చేత్తో తింటాం కాబట్టి చేతులు కడుగుతాం. మన ఇళ్లకి మనిషికి నాలుగు లీటర్లు అనుకోండి. టాయిలెట్ సంగతి కూడా పుస్తకంలో సూటిగానే రాశారు, మందపాటి ప్లాస్టిక్ సంచులు పెట్టుకోమని. ఇబ్బందిగా ఉంటుంది గానీ అది చదవకపోయుంటే ఆ నలభై లీటర్లూ ఫ్లష్‌కే పోయేవి.

రెండోది తిండి. పుస్తకంలో చెప్పినవి బంగాళాదుంపలు, క్యాబేజీ, క్యారెట్, గుడ్లు, డబ్బా సాస్‌లు, బ్లూబెర్రీ సూప్, గులాబికాయల సూప్. వాళ్లకి చిన్నప్పటి నుంచి తెలిసిన రుచులు అవి, సరిగ్గానే రాశారు, ఆపదలో అలవాటైన తిండి మనసుకి ధైర్యం. కానీ మా ఇంట్లో గులాబికాయల సూప్ డబ్బా తెరిస్తే పాప ఒక్కటే తాగింది. శనివారం పొద్దున చిన్న పొయ్యి మీద కందిపప్పు పెట్టా, గంటయినా ఉడకలేదు, ఉన్న స్పిరిట్‌లో సగం అయిపోయింది. తర్వాత అమ్మ రంగంలోకి దిగింది: పెసరపప్పు ముందురోజు రాత్రే నానబెట్టింది, అటుకులు తడిపి ఊరగాయ నూనె కలిపింది, వేయించి పెట్టుకున్న రవ్వతో పదినిమిషాల్లో ఉప్మా, వేరుశెనగ ఉండలు, కందిపొడి. పొయ్యి మండింది రోజుకి నలభై నిమిషాలే. ఇంట్లో స్పిరిట్ పొయ్యి గానీ గ్యాస్ పొయ్యి గానీ వెలిగిస్తే కిటికీ కొంచెం తెరిచే ఉంచండి, పొగ కనపడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది, చలికని అన్నీ బిగించుకుని కూర్చోకూడదు.

చలికి పుస్తకం చెప్పినట్టు ఒక్క గదిలోనే అందరం చేరాం, గుమ్మం కింద దుప్పటి చుట్టి పెట్టాం, నేల మీద రగ్గులు పరిచాం. శనివారం రాత్రి ఆ గదిలో 17 డిగ్రీలుంది, వంటగదిలో 14. నిజంగా ఫిబ్రవరిలో బిల్డింగ్ మొత్తానికి హీటింగ్ పోతే ఇది ఏమాత్రం సరిపోదని నాకు తెలుసు, రెండ్రోజులకే అమ్మకి మోకాళ్లు పట్టేశాయి.

మూడోది రేడియో, నేను స్టార్ తీసేసింది ఇక్కడే. ఆపదలో సమాచారమంతా స్వీడిష్ రేడియో పీ4 ఛానల్లో వస్తుంది, మాకు స్టాక్‌హోంలో 103.3. రేడియో బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ మాట్లాడేదంతా స్వీడిష్. నాకు సగం అర్థమవుతుంది, పాపకి పూర్తిగా, అమ్మకి ఒక్క ముక్క కూడా అర్థం కాదు. మేం ఆఫీసులోనూ పాప స్కూల్లోనూ ఉన్నప్పుడు నిజంగా ఏమైనా జరిగితే ఇంట్లో ఒక్కత్తే ఉండే అమ్మ ఏం చేస్తుంది? ఇంటికి పడేది స్వీడిష్ కాపీ, ఇంగ్లీషు కావాలంటే మనం తెప్పించుకోవాలి, నెట్‌లో అరబిక్, ఉక్రేనియన్ లాంటి కొన్ని భాషల్లో ఉంది, తెలుగు సంగతి పక్కన పెట్టండి హిందీ కూడా కనపడలేదు. నెట్‌లో ఉన్నది నెట్ పోయినప్పుడు ఎలా చదవాలి. ప్రతి దేశం వాళ్ల భాషలోనూ వెయ్యమని నేననట్లేదు, మాటలు లేకుండా బొమ్మలతో ఒక్క పేజీ, తలుపు వెనక అంటించుకునేలా ఇస్తే చాలు: ఈ సైరన్‌కి ఇది చెయ్యి, ఆ సైరన్‌కి అది చెయ్యి అని.

ఇది ఎందుకంత ముఖ్యమంటున్నానంటే అదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. దేశ రక్షణ బాధ్యత 16 ఏళ్ల నుంచి 70 ఏళ్ల దాకా ఇక్కడ నివసించే అందరిదీ అని, విదేశీయులకి కూడా ఇది వర్తిస్తుందని. సైన్యంలోకి పిలిచేది పౌరసత్వం ఉన్నవాళ్లనే, కానీ అవసరమైతే నీ ఉద్యోగంలోనే ఉండి పని ఆగకుండా చూడమనో ఇంకో అత్యవసర పనికి రమ్మనో మనకీ చెప్పొచ్చు. ఇది చదివాక మా గ్రూపులో చాలామంది ఉలిక్కిపడ్డారు, మనం పర్మిట్ మీద వచ్చినవాళ్లం మనకేంటి సంబంధం అని. నాకు మాత్రం అది చదివినప్పుడు కళ్లు చెమర్చాయి, నిజంగా. ఎనిమిదేళ్లలో ఏ ఆఫీసు కాగితమూ నన్ను ఇంట్లో మనిషిలా లెక్కేసినట్టు అనిపించలేదు, పన్ను కట్టేవాళ్లుగా, పర్మిట్ నంబరుగా తప్ప. ఇందులో నేను సాయం అందుకునేదాన్నే కాదు, సాయం చెయ్యాల్సినదాన్ని కూడా. దాడి జరిగితే ఎప్పటికీ లొంగిపోం, పోరాటం ఆపమని ఎక్కడైనా వార్త వస్తే అది అబద్ధమని నమ్మండి అని రాసిన చోట ఆ "మనం"లో నేనూ ఉన్నానన్నమాట. అలా లెక్కేసినప్పుడు మాకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత కూడా వాళ్లది అవుతుంది, అందుకే ఒక స్టార్ తీశా.

తప్పుడు వార్తల మీద ఉన్న భాగం మాత్రం మన వాట్సాప్ గ్రూపులకి ప్రింట్ తీసి పంచాలి. ఎవరు చెప్పారు, ఎప్పటిది, ఇంకెక్కడైనా వచ్చిందా, నన్ను భయపెట్టో కోపం తెప్పించో ఎవరికి లాభం, ఫార్వర్డ్ చేసేముందు ఇవి చూసుకోమంటుంది. పిల్లలతో ఎలా మాట్లాడాలో కూడా కొంచెం రాశారు, సేలెన్ తర్వాత పిల్లలు హెల్ప్‌లైన్‌కి ఫోన్లు చేసిన సంగతి వాళ్లు మర్చిపోలేదని అర్థమైంది. అణు దాడి గురించి కూడా దాచకుండా రాశారు, షెల్టర్‌లోకి వెళ్లండి, రెండ్రోజుల తర్వాత రేడియేషన్ చాలావరకు తగ్గిపోతుంది అని. ఆ భాగం చదవడం కష్టం, అయినా చదవండి. రక్తం ఆపే పద్ధతి బొమ్మలతో ఉంది, మా ఆయన అది చూసి ఫస్ట్ ఎయిడ్ కోర్సులో చేరాడు.

ఆదివారం మధ్యాహ్నం, ఇంకో మూడు గంటల్లో టెస్ట్ అయిపోతుందనగా, పై అంతస్తులో ఒక్కతే ఉండే పెద్దావిడ తలుపు కొట్టింది, రెండ్రోజులుగా మీ ఇంట్లో లైట్లు లేవు, ఊరెళ్లారనుకున్నా, కానీ మాటలు వినిపిస్తున్నాయి, అంతా బాగానే ఉందా అని. ఎనిమిదేళ్లలో ఆవిడ మా గుమ్మం దాకా రావడం అదే మొదటిసారి. పుస్తకం చూపించి చెప్పాం. ఆవిడ నవ్వి, మా అమ్మ దగ్గర కూడా ఇలాంటిది ఉండేది, ఫోన్ టేబుల్ సొరుగులో పెట్టుకునేది అంది. మా రేడియోలో వార్తలు విని, ఏం చెప్తున్నారో మెల్లగా, సులువైన మాటల్లో అమ్మకి అర్థమయ్యేలా చేతులతో చూపించింది, అమ్మ తిరిగి ఉప్మా పెట్టింది. కింద షెల్టర్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆవిడకి తెలుసు, నాకు తెలీదు. వెళ్లేముందు తన ఇంటి డూప్లికేట్ తాళంచెవి ఒకటి ఇచ్చింది, లిఫ్ట్ ఆగిపోతే నేను నీళ్లు మొయ్యలేను, అప్పుడు మీరు రండి అని.

ఇంగ్లీషు కాపీ తెప్పించుకున్నా. సైరన్ల పేజీని తెలుగులో పెద్దక్షరాలతో రాసి తలుపు వెనక అంటించా, ఎవరికైనా కావాలంటే ఫొటో పంపిస్తా, కింద అడగండి. సోల్నా చుట్టుపక్కల ఉన్నవాళ్లు ముందు మీ బిల్డింగు గోడ మీద నీలం త్రికోణం ఉందో లేదో చూసుకోండి, ఉంటే తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అమ్మ జనవరిలో వైజాగ్ వెళ్లిపోయేముందు బీరువా పక్కన రెండు సంచులు సర్దిపెట్టింది, ఒకటి మాకు, రెండోది పైన ఆవిడకి: అటుకులు, వేయించిన రవ్వ, బెల్లం వేసిన వేరుశెనగ ఉండలు, కారం లేని పప్పుపొడి, మీద తెలుగులో ఆవిడ పేరు.